స్నానగృహమునకు చిన్న సామాను

ఇంటిలో పాత స్నానాలగదిని క్రొత్తగా బాగుచేయింపదలచినపుడు మనము పెద్ద వస్తువులను గూర్చి పదిసార్లు ఆలోచింతుము. గోడలకు ఏ రంగు టైల్సు అతికింపవలెను, నేలకు ఏ రాయి పరపింపవలెను, అద్దము ఎంత పెద్దది కావలెను అని నెలల తరబడి ముచ్చటించుకొందుము. తలుపు బందులు, గడియ, మరమేకులు, కుళాయి, తువాలు తగిలించు కొక్కెము, తూముమీది జాలీ మొదలగువానిని మాత్రము పని ముగియబోవు దినమున మేస్త్రి చేతికి కొంత సొమ్మిచ్చి తెప్పించి ఊరకుందుము. ఆతడు అంగడివాడు చూపినది తెచ్చును. అది తళతళ మెరయుచుండును గనుక మనమును సంతసింతుము. కాని, సోదరీమణులారా, గోడమీది టైల్సును మనము కన్నులతో చూతుము. ఈ చిన్న సామానును దినమునకు పదిసార్లు చేతితో పట్టుకొందుము. ఇల్లాలికిని, ముసలివారికిని, పసివారికిని ఆ గదిలో సుఖము గాని కష్టము గాని కలుగునది వీనివలననే.

ఈ సంగతి నేను పుస్తకములవలన నేర్చినది కాదు. మా చిట్టమూరు పూర్వము నెల్లూరు జిల్లాలోనిది. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెల మొదలుకొని తిరుపతి జిల్లాలో చేరినది. తూర్పున పులికాటు సరస్సు, అనగా మా పెద్దలు ప్రళయకావేరి యని పిలుచు ఉప్పునీటి కయ్య, దాని కావల సముద్రము. తూర్పుగాలి వీచు దినములలో పెరటిలో ఆరవేసిన గుడ్డలు సాయంకాలమునకు చేతికి జిగటగా తగులును. అది గాలితో వచ్చిన ఉప్పు. కిటికీ చువ్వలు, సైకిలు చక్రములు, బావి గిలక యన్నియు ఇచ్చట త్వరగా తుప్పుపట్టుననుట అందరెరిగినదే. అయినను స్నానాలగదిని బాగుచేయించునపుడు ఆ మాట మాకు తోచలేదు.

పని ముగిసిన మూడవ యేట కార్తికమాసములో నాలుగు దినములు ముసురు పట్టినది. ఒకనాటి తెల్లవారుజామున మా అత్తగారు స్నానమునకు వెళ్లి తలుపు గడియ వేసికొనిరి. స్నానమైన పిమ్మట గడియ రాలేదు. ఆమెకు డెబ్బదినాలుగేండ్లు. లోపల దీపమున్నది గాని నేల తడి. నేను వెలుపలినుండి తలుపు నెట్టుచు, "అత్తయ్యా, గట్టిగా లాగండి" అని అరచుచుంటిని. ఆమె నెమ్మదిగా, "అమ్మాయీ, తలుపు పగులగొట్టినా పరవాలేదు, నన్ను మాత్రము తొందర పెట్టవద్దు. కాలు జారితే లేవలేను" అనిరి. ఆ మాటతో నాకు చేతులాడలేదు.

పొరుగున నున్న వడ్రంగి వచ్చి తలుపు క్రింద గడ్డపార మొన దూర్చి కొంచెము పైకెత్తెను. ఎత్తగానే గడియ దానంతట అదే వదులాయెను. అత్తగారే దానిని తీసి వెలుపలికి వచ్చిరి. పిమ్మట ఆతడు తలుపు పైబందును చూపి, "అమ్మా, గడియ చెడలేదు. బందుకు కొట్టిన మేకులు తిని పోయినవి. తలుపు క్రిందికి జారి గడియ బిగిసిపోయినది" అనెను. బందు ఇంకను మెరయుచునే యున్నది. దానిని పట్టియుంచవలసిన మూడు మరమేకులలో రెండు పొడిగా రాలిపోయినవి. ఆ మూడు మేకుల వెల మేము గోడకు అతికించిన ఒక్క టైలు వెలకైనను సరిపోదు.

నాటినుండి ఈ చిన్న సామానును గూర్చి తెలిసినవారి నడిగియు, చదివియు, అంగళ్లలో చేతితో పట్టి చూచియు కొంత నేర్చుకొంటిని. అది తీరప్రాంతమున నున్న సోదరీమణులకు ఉపయోగపడునని వ్రాయుచున్నాను.

ఉప్పుగాలి చేయు పని

ఇనుము నీటితోను గాలితోను కలిసిన తుప్పుపట్టుట ఎల్లచోట్ల నున్నదే. ఉప్పు చేరినపుడు ఆ పని మిక్కిలి త్వరితమగును. ఉప్పు తేమను పీల్చి లోహముమీద నిలుపును. అదియుగాక ఉప్పులోని క్లోరైడు లోహమును కాపాడు పలుచని పొరను చీల్చును. మనము తుప్పుపట్టని ఉక్కు అని కొను స్టెయిన్‌లెస్ స్టీలు సయితము ఆ పొరవలననే నిలుచుచున్నది. 1913వ సంవత్సరమున ఇంగ్లండులోని షెఫీల్డు నగరమున హారీ బ్రియర్లీ అనునాయన ఉక్కులో క్రోమియమును కలిపి తుప్పునకు లొంగని ఉక్కును పోతపోసెను. క్రోమియము గాలితో కలిసి కంటికి కనబడని పొరయై ఉక్కును కప్పును. ఆ పొర చిరిగినచోట తుప్పు మొదలిడును.

ఇందొక వింత గలదు. వానకు తడియు వస్తువుమీది ఉప్పును వాన కడిగివేయును. చూరుక్రిందను, గదిలోపలను ఉన్న వస్తువుమీద ఉప్పు అట్లే పేరుకొనును. కావున కప్పు క్రింద నున్నదిగదా యని స్నానాలగది సామానును నిర్లక్ష్యము చేయరాదు. బోరునీరు ఉప్పనైన ఊళ్లలో పైనుండి గాలి, క్రిందినుండి నీరు, రెండును ఉప్పునే తెచ్చును.

ఉక్కులో రకములు

వంటపాత్రలు కొనునపుడు వలెనే ఈ సామానునందును అంకెలు చెప్పుదురు. 304 అను రకములో నూటికి సుమారు 18 పాళ్లు క్రోమియము, 8 పాళ్లు నికెలు ఉండును. 316 అను రకములో వీనితోపాటు రెండు మూడు పాళ్లు మాలిబ్డినము అను లోహము చేరును. అది ఉప్పు దెబ్బకు ఎక్కువ ఓర్చును. సముద్రతీరమున వాడదగినది ఇదియే. 202 అను రకములో ఖరీదైన నికెలును తగ్గించి మాంగనీసు కలుపుదురు. అది చూపునకు ఏమియు తక్కువగా నుండదు గాని ఉప్పుగాలిలో త్వరలోనే గోధుమరంగు మచ్చలు వేయును.

అన్నియు 316 రకమే కొనుట అందరికిని సాధ్యము కాదు. చిన్న అంగళ్లలో దొరకుటయు అరుదే. అట్టివారు కనీసము బరువు మోయు వానికి, అనగా తలుపు బందులకు, వాని మేకులకు, ముసలివారి ఊతకడ్డీకి మేలురకము తెచ్చుకొని, సబ్బుపెట్టె, కొక్కెము వంటివి 304 రకములో కొనవచ్చును. చెడినను ఎవరికిని హాని లేని వస్తువున పొదుపు చేయవలెను గాని, చెడినచో మనిషి పడిపోవు వస్తువున చేయరాదు.

అయస్కాంతము తగిలించి చూడుమని కొందరు చెప్పుదురు. అది సగము పరీక్ష మాత్రమే. అయస్కాంతము గట్టిగా అంటుకొన్నచో అది ఇనుము గాని తక్కువరకపు ఉక్కు గాని యగును, దానిని విడిచిపెట్టవలెను. అంటుకొననంతమాత్రమున మేలురకమని నమ్మరాదు. 202 రకమును అయస్కాంతమునకు అంటదు. కాబట్టి వస్తువుమీదనో పెట్టెమీదనో అంకె ముద్రింపబడియున్నదా యని చూచి, రసీదుమీద కూడ ఆ అంకెను వ్రాయించుకొనుట మంచిది. రసీదుమీద వ్రాయుటకు జంకు అంగడివాని మాటను మనమును అంతవరకే నమ్మవచ్చును.

మేకులే ప్రాణము

బందు ఎంత మేలుదైనను దాని పెట్టెలో ఊరక యిచ్చిన మేకులను కొట్టింపకుడు. అవి తరచు పైపూత పూసిన ఇనుపమేకులై యుండును. మేకు తల బందుయొక్క పల్లములో కూర్చుండును. ఆ సందున తడియు ఉప్పును నిలిచి మొదట దానినే తినును. పైగా రెండు వేరువేరు లోహములు ఉప్పుతడిలో ఒకదానినొకటి తాకినపుడు వానిలో బలహీనమైనది త్వరగా నశించును. ఇత్తడి బందుకు ఇనుపమేకు వేసినచో మేకు పోవును. అల్యూమినియము గడియకు ఇనుపమేకు వేసినచో గడియయే తెల్లని పొడి రాల్చుచు గుంటలు పడును. కావున ఇత్తడికి ఇత్తడిమేకు, స్టీలునకు అదే రకపు స్టీలుమేకు అను నియమము తప్పరాదు. మా వడ్రంగి దీనిని, "వియ్యమందినా కయ్యమందినా సమానుడే కావాలి గదమ్మా" అని చెప్పెను. అంతకంటె బాగుగ నేను చెప్పజాలను.

కుళాయిని చేతిలో పట్టి చూడుడు

మంచి కుళాయి లోపల ఇత్తడి. దానిమీద నికెలు, ఆ పైన క్రోమియము పూత. చౌకకుళాయి లోపల జింకు కలిపిన తెల్లని పోతలోహమో, ప్లాస్టిక్కో ఉండును. పైపూత మూడింటికి నొక్కటే కావున కంటికి భేదము తెలియదు, చేతికి తెలియును. ఇత్తడి నీటికంటె ఎనిమిదిన్నర రెట్లు బరువైనది. జింకు పోతలోహము సుమారు ఆరున్నర రెట్లు మాత్రమే. ఒకే పరిమాణముగల రెండు కుళాయిలను రెండు చేతులతో పట్టి తూచినచో తేడా తెలిసిపోవును. తరువాత కుళాయిని త్రిప్పి, గొట్టమునకు బిగించు మరల లోపలికి చూడవలెను. అచ్చట పూత ఉండదు. పసుపుపచ్చగా నున్నచో ఇత్తడి; బూడిదరంగున నున్నచో కాదు. ఐ.ఎస్.ఐ. ముద్రయు, దాని వెంబడి 8931 అను అంకెయు ఉన్నదేమో చూడుడు. రాగి కలిసిన లోహముతో చేయు ఇట్టి కుళాయిలకు మన దేశమున నిర్ణయించిన ప్రమాణపు సంఖ్య యది.

మరత్రిప్పి మూయు కుళాయి 1845 ప్రాంతమున ఇంగ్లండులో వాడుకలోనికి వచ్చినది. దాని లోపలి వాషరు అరిగినచో కొలదిపాటి ఖర్చుతో మార్చుకొనవచ్చును. ఇపుడు వచ్చు పావుమలుపు కుళాయిలలో పింగాణీవంటి రెండు బిళ్లలు ఒకదానిమీద నొకటి జరుగును. కీళ్లనొప్పులు గల పెద్దలకును, సబ్బుచేతులకును ఇవి మిక్కిలి సులభము. అయితే బోరునీటిలో ఇసుక వచ్చు ఇండ్లలో ఆ బిళ్లలు గీసుకొని కారును. కావున తొట్టినుండి వచ్చు గొట్టమునకు జల్లెడ పెట్టింపవలెను. ఆ బిళ్లల గొట్టము విడిగా దొరకునో లేదో కొనునపుడే అడుగుడు. చిన్న ముక్క దొరకక కుళాయి మొత్తము పారవేసిన ఇండ్లు పెక్కులు గలవు.

ప్రతి కుళాయికిని క్రింద నొక ఆపుకుళాయి, అనగా యాంగిల్ వాల్వు, పెట్టించుట మరువరాదు. అది లేనిచో ఒక్క వాషరు మార్చుటకు ఇల్లంతయు నీరు లేక కూర్చుండవలసివచ్చును. దానిని నెలకొకసారి మూసి తెరచుచుండవలెను. లేనిచో కావలసిననాడు బిగిసిపోయి తిరుగదు.

తూముమీది జాలీ

తూము లోపల వంకలో నాలుగైదు వేళ్ల మందము నీరు ఎప్పుడును నిలిచియుండును. క్రిందినుండి వచ్చు దుర్గంధమును, పురుగులను ఆపునది ఆ నీరే. 1775వ సంవత్సరమున లండనులో అలెగ్జాండరు కమ్మింగు అను గడియారముల పనివాడు పాయిఖానా గొట్టమును వంచి నీరు నిలుచునట్లు చేసెను. ఆ చిన్న వంకయే నేటికిని ప్రపంచమంతట ఇండ్లను కాపాడుచున్నది. కాబట్టి ఇల్లు విడిచి ఊరికి పోయి వచ్చినపుడు గదిలో దుర్వాసన యున్నచో గాభరాపడనక్కరలేదు. వంకలోని నీరు ఎండియుండును. రెండు చెంబుల నీరు పోసిన చాలును.

జాలీ మూతను చేతితో సులభముగ తీయవచ్చునో లేదో అంగడిలోనే చూచికొనవలెను. సిమెంటుతో బిగించివేసిన జాలీ క్రింద వెంట్రుకలు చేరిన దినమున బాధపడునది మేస్త్రి కాదు, మనము.

ఊతకడ్డీ, గడియ, కొక్కెము

పడిపోవుటవలన లోకములో ఏటేట సుమారు 6,84,000 మంది మరణించుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించినది. అందు అరువదేండ్లు దాటినవారే అధికులు. తడినేల, సబ్బు, ఒంటరితనము మూడును కూడినచోటు స్నానాలగది. అందు పెద్దలున్న యింట ఊతకడ్డీ విలాసవస్తువు కాదు.

తువాలు కడ్డీని ఊతగా పట్టుకొనుట పెద్దల అలవాటు. అది మనిషి బరువునకు చేసినది కాదు, గోడనుండి ఊడివచ్చును. అమెరికాలో వికలాంగుల సౌకర్యమునకై 2010లో ప్రకటించిన ప్రమాణములలో ఊతకడ్డీ 250 పౌనుల బరువును, అనగా సుమారు 113 కిలోలను, ఓర్వవలెనని యున్నది. గోడకును కడ్డీకిని నడుమ ఒకటిన్నర అంగుళపు సందుండవలెననియు గలదు. వ్రేళ్లు పట్టుటకు అంత చోటు కావలెను; అంతకంటె ఎక్కువైనచో జారినపుడు మోచేయి ఆ సందులో ఇరుకుకొనవచ్చును. మేకు టైలులో మాత్రము దిగిన చాలదు. దాని వెనుకనున్న ఇటుకగోడలోనికి లోతుగ దిగవలెను. గాలిపీల్పుతో గోడకు అంటుకొను రబ్బరుపిడులను నమ్మి ముసలివారి ప్రాణమును అప్పగింపరాదు.

ఎంత యెత్తున పెట్టవలెనని మేస్త్రి అడుగును. కొలతబద్ద తీయకుడు, మనిషిని పిలువుడు. మేము అత్తగారిని కుర్చీపీటమీద కూర్చుండబెట్టి, లేచునపుడు వారి చేయి గోడమీద ఏచోట ఆనునో అచ్చట సుద్దముక్కతో గీత గీసితిమి. స్నానపుపీట దగ్గర నొకటి, పాయిఖానా ప్రక్క నొకటి, గడపదగ్గర నిలువుగా నొకటి పెట్టించితిమి. తువాలు కొక్కెమును సయితము కూర్చున్నచోటినుండి చేయి చాచిన అందునట్లు దింపితిమి. పిల్లలకు వేరుగా తక్కువ యెత్తున నొక కొక్కెము పెట్టినచో తడికాళ్లతో బకెట్టుమీద కెక్కు పని తప్పును.

తలుపు వెలుపలికి తెరచుకొనుట మేలు. లోపల మనిషి పడిపోయినచో లోనికి తెరచుకొను తలుపును ఆ మనిషియే అడ్డగించును. గడియ లోపల వేసినను, వెలుపలినుండి నాణెముతోనో స్క్రూడ్రైవరుతోనో త్రిప్పి తీయదగిన రకము దొరకుచున్నది. పసివారును పెద్దలును ఉన్న యింట అట్టిదే ఉండవలెను. మాకు ముందుగా ఇది తెలిసియున్నచో గడ్డపారతో పని లేకపోయెడిది.

కాపాడుకొను విధము

కొన్నది ఎంత మేలుదైనను దినదినము కొంచెము శ్రద్ధ కావలెను. కడపటి స్నానమైన పిదప మంచినీటిలో పిండిన గుడ్డతో కుళాయిలను, కడ్డీలను, బందులను ఒకసారి తుడిచి పొడిగుడ్డతో ఒత్తిన చాలును. స్టీలును ఇనుపపీచుతో రుద్దరాదు. పీచుముక్కలు దానిలో చిక్కి తుప్పుపట్టి స్టీలే తుప్పుపట్టినట్లు కనబడును. చింతపండు వట్టి ఇత్తడికి మంచిదే గాని క్రోమియము పూతకు తగదు. జల్లు కుళాయి కన్నములు సున్నపుపేరుతో మూసుకొన్నచో వెనిగరు కలిపిన నీటిలో అరగంట నానబెట్టి కడుగవచ్చును.

నేల తెల్లబడుటకై గాఢమైన యాసిడ్ పోయు అలవాటు మన ప్రాంతమున మిక్కుటము. దాని ఆవిరి మూసిన గదిలో స్టీలును, పూతను ఒక్క రాత్రిలో మచ్చలు చేయును. ఆ యాసిడ్‌ను బ్లీచింగు పొడితో కలిపినచో క్లోరిను విషవాయువు పుట్టి ఊపిరి సలుపనీయదు. ఈ రెంటిని ఒకనాడు ఒకచోట ఎన్నటికిని వాడరాదు.

కడపట నొక్క మాట. బాగుచేయింపబూనునపుడు టైల్సు అంగడికి వెళ్లుటకు ముందే ఒక కాగితముమీద ఈ చిన్న సామానంతయు వ్రాసికొనుడు. ఏ వస్తువును ఎవరు పట్టుకొందురు, చీకటిలో పట్టుకొందురా, తడిచేతితో పట్టుకొందురా, దానిమీద బరువు వేయుదురా అని ప్రక్కన గుర్తుంచుకొనుడు. నాయుడుపేటకో గూడూరునకో మీరే స్వయముగ వెళ్లి చేతితో పట్టి చూచి కొనుడు. ఇది మగవారి పని, మేస్త్రి పని యని ఊరకుండుట తగదు. ఆ గదిని తెల్లవారకముందు తెరచునది మనము. రాత్రి కడపట కడిగి మూయునదియు మనమే.

మా యింట ఇపుడు ఆ తలుపు బందులకు మూడేసి కాదు, నాలుగేసి మేకులున్నవి; అన్నియు ఒకే లోహమువి. ప్రతి యేట వానలకు ముందు వానిని బిగించి చూతుము. అత్తగారు తెల్లవారుజామున స్నానమునకు వెళ్లునపుడు నేను తలుపు దగ్గర నిలువబడుట మానితిని. చేసిన వ్యయమునకు అంతకంటె నాకు కావలసిన ఫలము లేదు.